ముందు బంతి, ఆ తర్వాతే బ్యాటు

వరికోతలు అయిపోయి పొలాల్లో కొయ్యకాళ్లు ఎండేసరికి జనగామ చుట్టుపక్కల ఊళ్లలో పిచ్‌లు వెలుస్తాయి. సంక్రాంతికి ఒక విడత టోర్నమెంట్లు, ఎండాకాలం సెలవుల్లో ఇంకో విడత. జనగామ ధర్మకంచలో, మహబూబాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో, భూపాలపల్లి సింగరేణి కాలనీల మైదానాల్లో ఎండ ముదరకముందే ఆట మొదలవుతుంది. ప్రతి సీజన్‌కూ ముందు ఒకటే చర్చ: కొత్త బ్యాటు ఏది కొనాలె? బరువుది కొనమని ఒకరు, తేలికదే మేలని ఇంకొకరు. గీతలు లెక్కపెట్టమని ఒకరు చెబితే, స్టిక్కర్ చూసి తీసుకోమంటారు మరొకరు. నీ ఆట తీరుకు తగ్గది తీసుకో అన్న మాట అందరూ అంటారు. ఆ తీరుకు ఏది తగుతుందో అన్న దగ్గర మాత్రం ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు.

ఈ గందరగోళానికి కారణం ఉంది. బ్యాటు గురించి మనకు చేరే సలహాల్లో ఎక్కువ భాగం లెదర్ బంతితో, పచ్చిక మైదానంలో, సొంత కిట్టుతో ఆడేవాళ్ల కోసం పుట్టినవి. వాటిని తెచ్చి చెలకలో టెన్నిస్ బంతితో ఆడే కుర్రాడికి అప్పజెప్పేసరికి ముడి పడుతోంది. ఏ వాదం ఎక్కడిదో, ఎవరికి పనికొస్తుందో విడదీసి చూస్తే సగం తగాదా అక్కడే తీరుతుంది.

బ్యాటును మార్చింది ఎవరు?

బ్యాటు మొదట్లో ఇప్పటి రూపంలో లేదు. పద్దెనిమిదో శతాబ్దం తొలి రోజుల్లో ఇంగ్లండ్‌లో బంతిని నేల మీద దొర్లించి వేసేవారు. దాన్ని కొట్టే కర్ర కింద వంగి హాకీ స్టిక్‌లా ఉండేది. ఆ శతాబ్దం నడిమికి బంతిని గాల్లోకి వేసి నేల మీద పడనివ్వడం వచ్చాక వంకర కర్ర పనికిరాకుండా పోయింది, నిటారు బ్యాటు వచ్చింది. 1771లో చెర్ట్సీ జట్టు ఆటగాడు థామస్ వైట్ హాంబుల్డన్ జట్టు మీదికి వికెట్లంత వెడల్పు బ్యాటు పట్టుకొచ్చాడు. దానిపై లేచిన అభ్యంతరమే 1774 నాటికి నిబంధనగా మారి వెడల్పు నాలుగుంబావు అంగుళాల దగ్గర ఆగింది. రెండున్నర శతాబ్దాలైనా ఆ కొలత మారలేదు. పొడవు 38 అంగుళాలు దాటకూడదన్న నియమం 1835లో వచ్చింది. 1880ల్లో చార్లెస్ రిచర్డ్‌సన్ విల్లో పలకలోకి బెత్తం పిడిని వి ఆకారంలో దించి అతికే పద్ధతి తెచ్చాడు. బంతి తగిలినప్పుడు చేతికి కొట్టే దెబ్బ దానివల్ల తగ్గింది.

1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగితే, అది బంతిని పాడుచేస్తోందని ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ బ్రియర్లీ ఒప్పుకోలేదు. ఆ తర్వాత పలక కర్రదే అయి ఉండాలని రాసిపెట్టారు. 2017లో అంచు 40 మిల్లీమీటర్లు, మందం 67 మిల్లీమీటర్లు దాటకూడదని హద్దు గీశారు. 2025 ఐపీఎల్‌లో అంపైర్లు మైదానంలోనే గేజ్ పెట్టి బ్యాట్లు కొలవడం టీవీలో అందరూ చూశారు.

ఈ చరిత్రలో ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. బ్యాటు రూపాన్ని మార్చినా, మార్పుకు అడ్డుకట్ట వేసినా, చాలాసార్లు కారణం బంతే. ఈ సంగతిని మన దగ్గర బ్యాటు కొనేవాళ్లు దాదాపుగా పట్టించుకోరు.

ఆట తీరు వాదం

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది ఇదే. బ్యాటు వెనుకవైపు వెన్నెముకలా ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు కిందికి ఉంటే మిడిల్ (బంతి బాగా పలికే చోటు) కిందికి, పైకి ఉంటే పైకి జరుగుతుంది. ముందుకు కాలు వేసి డ్రైవ్ చేసేవాడికి మిడిల్ కింద ఉండాలి. వెనక్కి జరిగి కట్, పుల్ ఆడేవాడికి పైన ఉండాలి. అన్నీ ఆడేవాడికి మధ్యలో ఉంటే సరిపోతుంది. పిడిలోనూ ఇలాంటి లెక్కే చెబుతారు: కింది చేతి బలంతో బాదేవాడికి కోడిగుడ్డు ఆకారపు పిడి, మణికట్టు తిప్పేవాడికి గుండ్రటి పిడి.

ఈ వాదంలో నిజం ఉంది, కాని అది పిచ్‌తో ముడిపడిన నిజం. బౌన్స్ లేచే ఆస్ట్రేలియా పిచ్‌ల మీద మిడిల్ పైన ఉంటే లాభం. బంతి మోకాలి దగ్గరే ఉండే మన పిచ్‌ల మీద కింద ఉంటే లాభం. ఎర్ర చెలక మీద చదును చేసిన పిచ్‌లో ఒక బంతి మడమ దగ్గర దూరుతుంది, తర్వాతిది రాయి తగిలి ఛాతీ దాకా లేస్తుంది. నల్లరేగడి పగుళ్లిచ్చిందంటే ఇంకా అన్యాయం. అదే కుర్రాడు కోచింగ్ నెట్స్‌లో సిమెంటు మీద పరిచిన మ్యాట్‌పై ఆడితే బౌన్స్ నిలకడగా, ఎత్తుగా వస్తుంది. నేను బ్యాక్‌ఫుట్ ఆటగాణ్ణి అని అతను అనుకోవడానికి సగం కారణం ఆ మ్యాటే కావచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పదిహేనేళ్లకు ఆట తీరు స్థిరపడదు. హైదరాబాద్ అనగానే అజారుద్దీన్, లక్ష్మణ్‌ల మణికట్టు గుర్తొస్తుంది. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 కొట్టిన తీరు చూసి ఎంతమంది ఆఫ్ స్టంప్ బయటి బంతిని లెగ్ సైడుకు తిప్పబోయారో లెక్కలేదు. ఆ తిప్పడం ఏళ్ల సాధన మీద వచ్చింది. దానికోసమని ప్రత్యేకంగా ఒక పిడి కొంటే వచ్చేది కాదు. ఆట ఇంకా కుదరని దశలో, ఒక తీరుకే పనికొచ్చేలా మలచిన బ్యాటు ఆ కుర్రాణ్ణి ఆ తీరులోనే బిగించేస్తుంది. మొదటి మంచి బ్యాటుకు మిడిల్ మధ్యలో ఉన్నదే సరైనదని ఈ వ్యాసం అభిప్రాయం.

చేతి బరువు వాదం

ఇది కొంత నెమ్మదిగా వ్యాపించిన వాదం, అయితే దీని పునాది గట్టిది. తూకం వేరు, పికప్ వేరు అన్నది దీని సారం. దుకాణంలో రెండు బ్యాట్లు కాటా మీద పెడితే రెండూ 1,180 గ్రాములే చూపిస్తాయి. ఒక్కొక్కటీ ఎత్తితే ఒకటి దూదిలా లేస్తుంది, ఇంకొకటి రోకలిలా కిందికి గుంజుతుంది. కర్ర మొనవైపు పోగైతే మణికట్టు నుంచి బరువు దూరం జరుగుతుంది. తిప్పడంలోని భారం ఆ దూరపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అదే తూకం ఉన్నా తిప్పడానికి చాలా ఎక్కువ బలం కావాలి.

దీన్ని పరీక్షించే పద్ధతి సులువు. పై చేయి ఒక్కదానితోనే, అంటే కుడిచేతి ఆటగాడైతే ఎడమ చేత్తో, పిడి పైభాగం పట్టుకుని బ్యాటును బ్యాక్‌లిఫ్ట్ ఎత్తుకు లేపాలి. కాసేపు అక్కడే ఉంచి నిదానంగా స్ట్రెయిట్ డ్రైవ్‌లా కిందికి దించాలి. ముంజేయి వణికినా, మొన దారి తప్పి లెగ్ సైడుకు వాలినా ఆ బ్యాటు ఆ చేతికి బరువే. దుకాణంలో చాలామంది రెండు చేతులతో పట్టుకుని గాల్లో సిక్సర్ కొట్టి చూస్తారు. కింది చేయి బలంగా ఉన్నవాడికి అలా ఏ బ్యాటైనా తేలికగానే అనిపిస్తుంది.

బరువు ఎక్కువైతే బలం ఎక్కువ అన్న నమ్మకానికి వ్యతిరేకంగా ఈ వాదం బ్రాడ్‌మన్‌ను చూపిస్తుంది. ఆయన బ్యాట్లు ఇప్పటి లెక్కలో కుర్రాళ్ల బ్యాట్లంత తేలిక. అవతలి పక్షం మూడు పౌండ్లు దాటిన టెండూల్కర్ బ్యాటును చూపిస్తుంది. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో ఎంసీసీ జట్టు మీద 153 పరుగులు చేసి పదకొండు సిక్సర్లు బాదారు. ఇప్పటిలా వెన్నంతా ఉబ్బి, అంచులు రెండు వేళ్ల మందంగా కనిపించే బ్యాట్లు అప్పుడు లేవు. మహా ఆటగాళ్ల చేతుల్లో సాక్ష్యం రెండువైపులా దొరుకుతుంది కాబట్టి వాళ్ల పేర్లతో ఈ తగవు తీరదు. మామూలు ఆటగాడి సంగతి మాత్రం తేలికగానే తేలుతుంది: ఆలస్యంగా దిగే బరువు బ్యాటు కన్నా సమయానికి దిగే తేలిక బ్యాటే ఎక్కువ పరుగులు తెస్తుంది.

కర్ర వాదం

ఇంగ్లిష్ విల్లోనా, కశ్మీర్ విల్లోనా? ఎన్ని గీతలు? ఏ గ్రేడు? డబ్బులు ఎక్కువ పోయేదీ, అపోహలు ఎక్కువ ఉండేదీ ఇక్కడే.

రెండూ విల్లో చెట్టు కర్రలే. ఇంగ్లండ్‌లో పెరిగేది తేలికగా, పీచు మెత్తగా ఉంటుంది. దాన్ని చీల్చిన ముక్కలుగా తెచ్చి మీరట్, జలంధర్‌లలో బ్యాట్లుగా మలుస్తారు. దేశ విభజనలో సియాల్‌కోట్ నుంచి వచ్చిన క్రీడాసామగ్రి పనివాళ్ల వల్లే ఈ రెండు ఊళ్లలో ఈ పరిశ్రమ నిలబడింది. కశ్మీర్ విల్లోకు అనంతనాగ్ జిల్లాలోని బిజ్‌బెహారా, సంగం ప్రాంతం పేరు. అది కొంచెం బరువు, కొంచెం గట్టి. 2021 టీ20 ప్రపంచకప్‌లో ఒమన్ ఆటగాళ్లు కశ్మీర్ విల్లో బ్యాట్లతో ఆడాక, అది పిల్లల బ్యాటు అన్న చిన్నచూపు తగ్గింది. రెండు మూడు వేల రూపాయల్లో మంచి కశ్మీర్ విల్లో దొరుకుతుంది. ఇంగ్లిష్ విల్లో అంతకు మూడు నాలుగింతల దగ్గర మొదలై ఎక్కడిదాకానైనా పోతుంది.

గీతల సంగతికొస్తే, ఒక్కో గీత చెట్టు వయసులో ఒక్కో ఏడు. దగ్గరదగ్గరగా ఎక్కువ గీతలున్న కర్ర ముదురుది, తొందరగా పలుకుతుంది, తొందరగా అలసిపోతుంది. తక్కువ గీతలున్నది పలకడానికి సమయం తీసుకుంటుంది, ఎక్కువ కాలం నడుస్తుంది. గ్రేడు వేసేది ప్రధానంగా చూపును బట్టి: గీతలు తిన్నగా ఉన్నాయా, ఎర్రకర్ర ఎంత, మచ్చలున్నాయా అని. బంతి ఎంత దూరం పోతుందన్నది గ్రేడులో ఉండదు. ఒక పక్క ఎర్రచార ఉన్న మూడో గ్రేడు బ్యాటు, మచ్చలేని మొదటి గ్రేడు బ్యాటును మించి పలికే అవకాశం ఉంది. చెక్క సుత్తితో పలక మీద తట్టి, అది ఎగిరొచ్చే తీరు చేతితో గమనించడం గీతలు లెక్కపెట్టడం కన్నా నమ్మదగిన పద్ధతి.

పికప్ వాదం చేతిని నమ్ముతుంది, కర్ర వాదం కంటిని నమ్ముతుంది. చెయ్యి చెప్పింది, కన్ను చెప్పింది వేరైతే చేతి మాటే వినాలి.

ఈ మూడు జిల్లాల ప్రశ్న: ఏ బంతి?

పై మూడు వాదాలూ లెదర్ బంతిని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో జరిగే ఆటలో ఎక్కువ భాగం టెన్నిస్ బంతిది. కొన్నిచోట్ల బరువు టెన్నిస్ బంతి, కొన్నిచోట్ల కార్క్ బంతి. లెదర్ బంతి సెలక్షన్ల దగ్గర, పట్టణాల్లోని నెట్స్‌లో కనిపిస్తుంది.

మామూలు టెన్నిస్ బంతి 58 గ్రాములకు అటూఇటూ ఉంటుంది. లెదర్ బంతి 156 నుంచి 163 గ్రాములు, దాదాపు మూడింతలు. బ్యాటుకు తగిలినప్పుడు టెన్నిస్ బంతి అప్పడంలా అణిగి మళ్లీ విచ్చుకుంటుంది, పని అంతా అది చేసుకుంటుంది. ఇంత తేలిక బంతిని పంపడానికి బ్యాటు వెనుక ఉన్న అదనపు బరువు దాదాపు అక్కరకు రాదు, బ్యాటు ఎంత వేగంగా తిరిగిందన్నదే తేలుస్తుంది. వెనుక కర్ర తవ్వేసి కిలోకు అటూఇటూ బరువులో చేసే టెన్నిస్ బ్యాట్ల రహస్యం ఇంతే. లెదర్ బంతి అంతగా అణగదు, బ్యాటునే వెనక్కి నెడుతుంది. అక్కడ బ్యాటు బరువుకు, ఒత్తిన విల్లో పీచుకు, పిడిలోని బెత్తానికి పని పడుతుంది.

కాబట్టి టెన్నిస్ బంతితో మాత్రమే ఆడేవాడు అప్పు చేసి ఇంగ్లిష్ విల్లో కొనడం శుద్ధ వృథా. అతను కొంటున్న గుణం ఆ బంతికి అవసరమే లేదు. టెన్నిస్ బ్యాటుతో లెదర్ బంతి ఆడటం అంతకన్నా ప్రమాదం. వెనుక తవ్విన పలక యార్కర్ మొనకు తగిలిన రోజే చీలుతుంది. అన్నిటికన్నా కష్టం కార్క్ బంతిది. రాయిలాంటి ఆ బంతి మెత్తని విల్లో అంచులను కొరికేస్తుంది. కార్క్ బంతి ఆడే ఊళ్లకు గట్టి కశ్మీర్ విల్లో, ముందువైపు ఫైబర్ షీటు, అంచులకు టేపు, ఇంతే దారి. అందంగా ఉండదు కాని నిలబడుతుంది.

ఇక్కడ వడ్లాయన బ్యాటు ప్రస్తావన కూడా రావాలి. చిర్రగోనె ఆడిన చేతులకు మొదటి బ్యాటు ఊరి వడ్రంగి దగ్గర చెక్కించిందే. టేకు, వేప, నీలగిరి, ఏది మిగిలితే అది. విల్లో ఘనమీటరుకు నాలుగు వందల కిలోల పైచిలుకైతే టేకు ఆరువందలు దాటుతుంది. అదే కొలతలతో చెక్కితే బ్యాటు ఎత్తలేనంత బరువవుతుంది. అందుకే అనుభవమున్న వడ్లాయన వెనుకంతా లోతుగా తవ్వి, అంచులు సన్నం చేసి, పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఇచ్చేవాడు. నేటి టెన్నిస్ బ్యాటు రూపం దానికి చాలా దూరం కాదు. రబ్బరు బంతికి అది చాలు, చెయ్యి మాత్రం అదిరిపోతుంది. పిడి, పలక ఒకే కర్ర కావడంతో దెబ్బను మింగేదేమీ ఉండదు.

పెరిగే పిల్లలు, ఆడపిల్లలు

యూనిఫాం కొన్నట్టు బ్యాటు కొనడం మన ఇళ్లలో అలవాటు: పెరిగే పిల్లాడే కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం. బట్ట వదులైతే మడతపెట్టి కుట్టొచ్చు, బ్యాటు పొడవైతే ఆటే వంకరపోతుంది. పెద్ద బ్యాటు పట్టిన పన్నెండేళ్ల పిల్లవాణ్ణి పక్కనుంచి చూడండి. పిడి కడుపుకు తగులుతుందని పై చేతి మోచేయి బయటికి పోతుంది. బరువు మోయడానికి కింది చేయి పిడి కిందికి జారుతుంది. బ్యాటు పాయింట్ వైపు లేచి లెగ్ సైడు మీదికి దిగుతుంది. ప్రతి షాటూ లాగి కొట్టుడే. నాలుగేళ్ల తర్వాత కోచ్ దాన్ని మాన్పించలేక తల పట్టుకుంటాడు. ఐదడుగుల ఐదారు అంగుళాలు దాటేదాకా పెద్దల సైజు షార్ట్ హ్యాండిల్ బ్యాటు జోలికి పోకూడదు. దానికి ముందు ఆరో సైజు, హారో ఉన్నాయి.

మహబూబాబాద్ పక్క జిల్లాలోని భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 జనవరిలో కౌలాలంపూర్‌లో స్కాట్లండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్ కొట్టింది. అండర్ 19 మహిళల టీ20 ప్రపంచకప్ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఆ టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. ఆ తర్వాత ఆడపిల్లలకు బ్యాటు అడిగే తల్లిదండ్రులు కనిపిస్తే వాళ్లకు అన్న వాడి వదిలేసిన బ్యాటు చూపించకూడదు. పొడవు, పిడి లావు, పికప్ మూడూ ఆ అమ్మాయి చేతికి చూసి తీసుకోవాలి. పిడి లావైతే గ్రిప్ మార్చి సన్నం చేయొచ్చు, మొన బరువును తగ్గించే తేలిక దారి లేదు.

ఇంకా తేలనివి

ఉబ్బు జరిపితే మిడిల్ ఎంత జరుగుతుంది అన్నది మొదటి ప్రశ్న. కంపెనీలు చెప్పేంత కాదని బ్యాట్లు చెక్కేవాళ్లలోనే కొందరంటారు. వెదురు ఇంకొకటి. 2021లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెదురు పలకల బ్యాటు చేసి, దాని మిడిల్ విల్లో కన్నా పెద్దదని చూపారు. వెదురు గడ్డిజాతి, పలక కర్రదే కావాలి అని నిబంధన చెబుతుండటంతో అది ఆగిపోయింది. ఆ నిబంధన టెన్నిస్ బంతి టోర్నమెంట్లను కట్టేయదు. భూపాలపల్లి, ములుగు అడవుల వెదురుకు ఇందులో చోటు దొరుకుతుందా అన్నది ఆలోచించదగ్గ సంగతి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్నను మాత్రం ఏ వాదమూ ముట్టుకోలేదు. నీ తీరుకు తగిన బ్యాటు అనే మాటలో ఒక మనిషికి ఒక బ్యాటు ఉంటుందన్న అంచనా ఉంది. మన ఊళ్లలో పదకొండు మంది చందాలేసుకుని రెండు బ్యాట్లు కొంటారు. ఓపెనర్ కట్ ఆడతాడు, ఐదో నంబరువాడు గుడ్డిగా బాదుతాడు, పదో నంబరువాడికి బ్యాటు అడ్డం పడితే చాలు. అందరికీ ఆ రెండు బ్యాట్లే.

అలాంటి జట్టు రెండు బ్యాట్లూ ఒకే రకానివి కొనడం పొరపాటు. ఒకటి పికప్ బాగా తేలికైనదిగా, రెండోది కొంచెం నిండైనదిగా, రెండింటికీ మిడిల్ మధ్యలో ఉండేలా తీసుకుంటే పదకొండు చేతుల్లో ఎక్కువ చేతులకు సరిపోతాయి. పిడి సన్నదే తీసుకోవాలి, లావు కావాలన్నవాడు ఇంకో గ్రిప్ ఎక్కించుకుంటాడు. విల్లో బ్యాటైతే మ్యాచ్‌కు ముందే అవిసె నూనె పలుచగా పూసి ఆరబెట్టాలి, పిడి దిగిన జాయింటుకు తగలనివ్వకూడదు. చెక్క సుత్తితో గంటల తరబడి తట్టాలి, అంచులను ఏటవాలుగా కొట్టి గుండ్రం చేయాలి. ఈ పని ఎవరో ఒకరు ఒప్పుకుంటేనే ఇంగ్లిష్ విల్లో కొనాలి, లేకుంటే కశ్మీర్ విల్లోయే నయం. ఇక టోర్నమెంటు అయ్యాక ఆ రెండు బ్యాట్లు ఎవరింట్లో ఉంటాయన్నది ముందే మాట్లాడుకోవాలి. మే నెలలో 45 డిగ్రీల ఎండకు రేకుల కింద నిలబెట్టిన విల్లో బ్యాటు జూన్ మొదటి వాన పడేలోపే పిడి దగ్గర నెర్రెలిస్తుంది.